రాని వానకి లెక్క కట్టినాయన

సెప్టెంబరు 15 వచ్చిందంటే ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక ఫోటో బయటికొస్తుంది. మైసూరు తలపాగా, బిగుతు కోటు, నవ్వని మొహం. దండ వేస్తాం, ఉపన్యాసం వింటాం, క్విజ్ పెడతాం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే: కృష్ణరాజసాగర్ డ్యాం, ఆఫీసు పనికి ఒక కొవ్వొత్తి, సొంత పనికి ఇంకో కొవ్వొత్తి అనే కథ. ఆ కొవ్వొత్తి కథ నిజమో కాదో గానీ, దాని వెలుగులో అసలు పని కనిపించకుండా పోయింది.

ఆ అసలు పని ఏంటంటే, నేలనీ నీటినీ చూసేటప్పుడు ఆయన ఒక్క భవిష్యత్తుని నమ్ముకోలేదు. వాన ఇంతే పడుతుంది, నది ఇలాగే ప్రవహిస్తుంది, రైతు ఇదే పంట వేస్తాడు అని అనుకోలేదు. ఇంతకంటే ఎక్కువ పడితే? అసలు పడకపోతే? అందరూ ఒకే పంట మీద పడితే? అని అడిగి, ఆ జవాబులకి తగ్గట్టు చోటు ఖాళీగా వదిలిపెట్టేవాడు. ఇప్పుడు దీనికి సినారియో ప్లానింగ్ అని పేరుంది. 1950లలో అమెరికాలో రాండ్ సంస్థలో హెర్మన్ కాన్ లాంటివాళ్ళు మొదలుపెట్టారు, 1970లలో షెల్ ఆయిల్ కంపెనీ వ్యాపారంలో వాడింది, ఇప్పుడు గ్రామాల్లో భూమి వాడకానికీ పర్యావరణానికీ కూడా వాడుతున్నారు. విశ్వేశ్వరయ్య ఈ పదం ఎప్పుడూ వాడలేదు. ఆయన పద్ధతి అచ్చంగా ఇదే అని కూడా అనలేం. కానీ ఆయన జీవితాన్ని ఈ వైపు నుంచి చూస్తే, నాగావళి ఒడ్డున చదువుకుంటున్న మనకి పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

ముద్దెనహళ్ళి నుంచి పూనా దాకా

1861లో బెంగుళూరుకి ఉత్తరాన, చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దెనహళ్ళిలో పుట్టాడు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. ఇంటిపేరు మోక్షగుండం ప్రకాశం ప్రాంతంలోని ఊరి పేరు. పూర్వీకులు అక్కడి నుంచి వలసపోయినవాళ్ళు.

చిన్నతనంలోనే తండ్రి పోయాడు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుకుంటూ పిల్లలకి ట్యూషన్లు చెప్పి పొట్ట పోసుకున్నాడు. 1881లో బీయే అయ్యాక మైసూరు సంస్థానం స్కాలర్‌షిప్ ఇస్తే పూనా వెళ్ళి ఇంజినీరింగ్ చదివాడు. 1883లో మొదటి ర్యాంకు. మరుసటి ఏడే బొంబాయి ప్రెసిడెన్సీ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరు ఉద్యోగం.

మొదటి పోస్టింగులోనే వానాకాలం మధ్యలో ఒక వాగు కింద నుంచి పైపులైను వెయ్యాల్సొచ్చింది. వానలు తగ్గాక చేస్తే మేలని ఆయన అనుకున్నాడు, పైవాళ్ళకి అది నచ్చలేదు. సరే అని మొదలుపెడితే వరదొచ్చి పని ఆగింది. నది అవతలి ఒడ్డున చిక్కుకుపోయి ఈదుకుంటూ వెనక్కి వచ్చాడని జీవితచరిత్రలు చెప్తాయి. ఫైలు మీద తేదీ వేరు, నది తేదీ వేరు అని ఇరవయ్యేళ్ళు దాటగానే తెలుసుకున్నాడన్నమాట.

తర్వాత సింధ్‌లో సుక్కూరు పట్టణానికి నీటి సరఫరా, పూనా దగ్గర ఖడక్‌వాస్లా డ్యాం. ఖడక్‌వాస్లాలో సమస్య ఇది: చెరువు నిండాక మిగిలిన నీరంతా అలుగు మీద నుంచి పోయేది, ఎండాకాలానికి ఊరికి చాలేది కాదు. డ్యాం ఎత్తు పెంచితే ఖర్చు, పైగా గోడ తట్టుకుంటుందో లేదో. ఆయన అలుగు మీద ఆటోమేటిక్ గేట్లు పెట్టాడు. నీటిమట్టం హద్దు దాకా పెరిగేంతవరకు మూసుకునే ఉంటాయి, హద్దు దాటితే నీటి ఒత్తిడికి వాటంతట అవే తెరుచుకుంటాయి, మట్టం తగ్గగానే మళ్ళీ మూసుకుంటాయి. సుమారు 8 అడుగులు ఎక్కువ నీరు నిల్వ పెట్టగలిగారు. కరువు ఏడుకీ వరద ఏడుకీ ఒకే గేటు జవాబు చెప్పింది. దానికి పేటెంటు తీసుకున్నాడు, రాయల్టీ మాత్రం తీసుకోలేదు.

చెరకు, చిత్తడి, బ్లాకులు

ఇంజినీర్ల దినోత్సవం ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పని అధ్యాయం ఒకటుంది. అదే నిజానికి గ్రామీణ భూమి వాడకం అధ్యాయం.

పూనా ప్రాంతంలో నీరా లాంటి కాలవలు కరువుని ఎదుర్కోడానికి తవ్వినవి. తవ్వాక ఏం జరిగింది? తూము దగ్గరున్న రైతులు చెరకు వేశారు. చెరకుకి ఏడాది పొడుగునా నీళ్ళు కావాలి. మొదట్లో ఉన్నవాళ్ళు నీళ్ళన్నీ లాగేసుకున్నారు, చివర్లో ఉన్నవాళ్ళకి కాలవ ఉండీ లేనట్టే. పై నేలల్లో ఎప్పుడూ నీళ్ళు నిలిచి చిత్తడి అయిపోయింది, దోమలు, మలేరియా. కింది నేలలు ఎండిపోయాయి. మన ప్రాంతంలో కాలవ చివరి పొలాలున్న ఇళ్ళలో ఈ కథ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

దీనికి ఆయన పెట్టిన పద్ధతి పేరు బ్లాకు సిస్టం. నీటిని కాలవ మొదట్లో ఒకేచోట గుమ్మరించకుండా, ఆయకట్టు పొడుగునా ఊరూరా కొన్ని బ్లాకులుగా పంచాలి. ఒక్కో బ్లాకులో కొంత భాగమే చెరకు. మిగతా భాగంలో తక్కువ నీటితో పండే పంటలు. ఏటా ఆ భాగాలు మారుతుండాలి, నేలకి విశ్రాంతి దొరకాలి. బ్లాకుకి ఇన్నేళ్ళ పాటు ఇన్ని నీళ్ళని ముందే ఖరారు చేస్తారు కాబట్టి, రైతు కూడా కొన్నేళ్ళు ముందుకి ఆలోచించగలడు.

మొదట రైతులు ఒప్పుకోలేదు, పత్రికలూ విమర్శించాయి. సర్కారు మన పొలంలో ఏం వెయ్యాలో చెప్తుందా అని కోపం. ఆయన రైతులతో కూర్చొని, నీళ్ళ లెక్క చూపించి ఒప్పించాల్సొచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆయన కొత్తగా డ్యాం కట్టలేదు, కాలవ తవ్వలేదు. ఉన్న నీటిని ఏ నేల మీద, ఏ ఏడు, ఎంతసేపు అన్న ప్రశ్నకి జవాబు మార్చాడు. సివిల్ ఇంజినీరింగ్ అంటే కాంక్రీటే అనుకునే మనకి ఇది కాస్త కొత్తగా ఉంటుంది.

మూసీ అడిగిన ప్రశ్న

1908 నాటికి బొంబాయి సర్వీసులో పైమెట్లు తెల్లవాళ్ళకే అని తేలిపోయింది. ముందుగానే రిటైర్మెంటు అడిగి, విదేశాలు చూద్దామని బయల్దేరాడు. అప్పుడే హైదరాబాదు నుంచి కబురొచ్చింది.

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదుని ముంచేసింది. శంషాబాద్‌లో 24 గంటల్లో దాదాపు 13 అంగుళాల వాన. చనిపోయినవాళ్ళు 15,000 మంది ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్తారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్యని పిలిచింది. 1909 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టి ఆ ఏడే నివేదిక ఇచ్చాడు.

మామూలుగా అయితే ఏం చేస్తారు? నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గీత గీసి, ఆ గీతకి రెండడుగులు పైకి కరకట్ట కడతారు. ఆయన ఊరు వదిలి ముందు నదికి ఎగువకి వెళ్ళాడు. వాన ఎక్కడ పడింది, ఏ దారిన వచ్చింది, దారిలో ఏం జరిగింది అని చూశాడు. మూసీ, ఈసీ నదుల పరీవాహకంలో 788 చెరువులు ఉన్నట్టు లెక్క తేలింది. దాదాపు చదరపు మైలుకో చెరువు. ఆ వానకి వాటిలో 221 తెగిపోయాయి. గొలుసుకట్టు చెరువుల సంగతి మనకి తెలిసిందే. మంచి ఏడులో పై చెరువు అలుగు కింది చెరువుని నింపుతుంది. చెడ్డ ఏడులో పై చెరువు గండి కింది చెరువుని తెంపుతుంది. ఒకదాని వెనక ఒకటి తెగి, ఆ నీరంతా కలిసి పట్నం మీద పడింది. అంటే హైదరాబాదులో మునిగిన ఇంటికి కారణం ఇరవై మైళ్ళ అవతల ఒక పల్లెలో సరిగ్గా చూసుకోని గట్టు కూడా కావచ్చు.

తర్వాత ప్రశ్న ఇంకా ముఖ్యం. ఈ వాన మళ్ళీ పడుతుందా? ఇంతకంటే పెద్దది పడుతుందా? హైదరాబాదులో సరిపడా వర్షపాతం లెక్కలు లేవు. లెక్కల్లేవు కాబట్టి చెప్పలేం అని వదిలెయ్యలేదు. పక్కనున్న బొంబాయి, మద్రాసు ప్రాంతాల్లో ఎంతెంత వానలు పడ్డాయో తెప్పించుకొని, అలాంటి తుపాను ఇక్కడ పడితే ఏంటి అని లెక్క కట్టాడు. మూసీ చరిత్రలో లేని వానకి మూసీ దగ్గర లెక్క. 1908 వరద ఉద్ధృతే నాలుగు లక్షల క్యూసెక్కులు దాటిందని తేలింది. ఊరి మధ్య నది మోయగలిగింది అందులో చిన్న భాగం. గోడలతో అయ్యే పని కాదు.

అందుకే ఆయన సూచన ఊరికి ఎగువన రెండు జలాశయాలు. ఒకటి మూసీ మీద, ఒకటి ఈసీ మీద. అవే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అయ్యాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వీటితో పాటు ఊళ్ళో నది ఒడ్డు పెంచి, ఒడ్డు పొడుగునా ఇళ్ళ బదులు తోటలు, నడిచే దారులు ఉండాలన్నాడు.

ఇందులో ఉన్న అసలు కిటుకు మనం హైడ్రాలజీలో చదువుతాం గానీ మనసుకి ఎక్కదు. వరదని ఆపే జలాశయంలో పనికొచ్చేది నీళ్ళు నిండిన భాగం కాదు, ఖాళీగా ఉన్న భాగం. పెద్ద వాన వచ్చేసరికి అందులో చోటుంటేనే అది ఊరిని కాపాడుతుంది. అలాగే ఒడ్డున తోటకి వదిలిన నేల కూడా వృథా కాదు, అది నది పెరిగినప్పుడు నదికి ఇవ్వాల్సిన చోటు. వాడకుండా ఉంచడం కూడా ఒక వాడకమే అన్నది ఈ మనిషి పనులన్నిటిలో కనిపించే సూత్రం.

కన్నంబాడి పునాది

హైదరాబాదు నివేదిక అయిపోగానే, 1909 చివర్లో, మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజినీరుగా వెళ్ళాడు. కన్నంబాడి దగ్గర కావేరి మీద డ్యాం, అదే కృష్ణరాజసాగర్, 1911లో మొదలైంది.

పెద్ద డ్యాం కడితే కింద మా తంజావూరుకి నీళ్ళు రావని మద్రాసు ప్రభుత్వం అడ్డుపడింది. చివరికి తక్కువ ఎత్తుకి మాత్రమే ఒప్పుకుంది. అప్పుడు ఆయన ముందు రెండు దార్లు. ఒప్పుకున్నంత ఎత్తుకే పునాది వేసి ఊరుకోవడం, లేదంటే అనుమతి పూర్తిగా వచ్చేదాకా ఆగడం. ఆయన మూడోది చేశాడు. కట్టేది చిన్న డ్యాం, పునాది మాత్రం పెద్ద డ్యాంకి సరిపడా వెడల్పు. అనుమతి రాకపోతే పునాదికి పెట్టిన అదనపు ఖర్చు పోతుంది, అంతే. వస్తే మాత్రం కట్టింది పడగొట్టి మళ్ళీ మొదలుపెట్టక్కర్లేదు. వివాదం ఏళ్ళ తరబడి నడిచి 1924లో ఒప్పందం కుదిరింది, డ్యాం పూర్తి ఎత్తుకి లేచింది. దాని కింద మండ్య ప్రాంతంలో కాలవ పారినప్పుడు పూనాలో పెట్టిన బ్లాకు పద్ధతినే అక్కడా తెచ్చారు.

ఇది తెలివైన పనే. కానీ రెండు మాటలు కలిపే చెప్పాలి. దిగువ రాష్ట్రం వైపు నుంచి చూస్తే, ఒప్పందానికి ముందే వేసిన ఆ వెడల్పు పునాది నమ్మకం పెంచే పని కాదు. కావేరి గొడవ ఈనాటికీ పూర్తిగా చల్లారలేదు. పైగా జలాశయం కింద కన్నంబాడితో పాటు ఎన్నో ఊళ్ళు మునిగాయి. ఊరు మునిగినవాళ్ళ భవిష్యత్తు ఆయన లెక్కల్లో ఎంత చోటు తీసుకుందో అడగాల్సిన ప్రశ్నే. వంశధార, మడ్డువలస నిర్వాసితుల ఊళ్ళకి దగ్గర్లో ఉన్న మనం అయినా అడగాలి.

దివానుగా

1912 నుంచి 1918 దాకా మైసూరు దివాను. ఒక ఇంజినీరు సంస్థానం మొత్తం నడిపిన ఆరేళ్ళు. మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరులో ఇంజినీరింగ్ కాలేజీ, భద్రావతి ఇనుప కర్మాగారానికి పునాది, పట్టు, సబ్బు, గంధపునూనె. ఊళ్ళకి గ్రామాభివృద్ధి పథకం.

నీళ్ళ దగ్గర అన్ని దార్లూ చూసిన మనిషి, సమాజం దగ్గరికొచ్చేసరికి ఒకే దారి చూశాడు. దేశం బాగుపడాలంటే యంత్రాలు, పరిశ్రమలు, అంతే. వెనుకబడిన కులాలకి ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలన్న ఆలోచన మైసూరులో వచ్చినప్పుడు, ప్రతిభ దెబ్బతింటుందని ఆయన వ్యతిరేకించాడు. మహారాజు ఆ దారిలోనే వెళ్దామనుకోవడంతో 1918లో దివాను పదవి వదిలేశాడు. ఎవరి ఇంట్లో చదువుకి దీపం వెలుగుతుందో, ఎవరి ఇంట్లో వెలగదో అన్న తేడాని లెక్కలోకి తీసుకుంటే ఆయన జవాబు మారేదేమో. మనలో చాలామంది ఈ కాలేజీల్లో ఉన్నది ఆ రోజు ఆయన వద్దన్న దారి గెలవడం వల్లే. గౌరవిస్తూనే ఈ మాట చెప్పుకోవచ్చు.

1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం రాశాడు. పదేళ్ళలో ఇంత ఉత్పత్తి, ఇన్ని పరిశ్రమలు అని లక్ష్యాలు. పంచవర్ష ప్రణాళికలకి చాలా ముందు మాట ఇది. దూరదృష్టి ఉంది, కానీ మూసీ నివేదికలో ఉన్న అలా జరక్కపోతే ఏంటి అన్న ప్రశ్న ఇక్కడ అంత గట్టిగా వినపడదు.

పక్క రాష్ట్రం వరద

గాంధీతో ఆయనకి యంత్రాల విషయంలో పొత్తు కుదర్లేదు. గాంధీ రాట్నం వైపు, ఆయన మిల్లు వైపు. పొందూరు వాళ్ళకి ఈ తేడా ఇంటి విషయం. కొండపత్తి దూదిని వాలుగ చేప దవడతో ఏకి, సన్నటి నూలు వడికి నేసే పొందూరు ఖద్దరు గాంధీ మెచ్చినది. విశ్వేశ్వరయ్య లెక్క ప్రకారం దానికి పెద్దగా భవిష్యత్తు ఉండకూడదు. అయినా ఈరోజుకీ ఉంది, ఇబ్బందుల్లోనే అయినా ఉంది. ఒకే భవిష్యత్తుని నమ్ముకోకూడదని ఆయన నది దగ్గర నేర్పిన పాఠానికి పొందూరు రాట్నమే సాక్ష్యం.

అంత తేడా ఉన్నా, 1937లో ఒరిస్సాని వరదలు ముంచినప్పుడు గాంధీ అడిగితే ఆయన వెళ్ళాడు. అప్పటికి డెబ్భై అయిదేళ్ళు దాటాయి. మహానది డెల్టా చూసి, కింద కరకట్టలు పెంచుకుంటూ పోతే సరిపోదు, పైన నీళ్ళు ఆగే చోటు కావాలని నివేదిక ఇచ్చాడు. మూసీ దగ్గర చెప్పిందే పెద్ద నదికి చెప్పాడు. తర్వాతి కాలంలో మహానది మీద హీరాకుడ్ వచ్చింది.

1955లో భారతరత్న. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు దాటాక, బెంగుళూరులో కన్నుమూశాడు. సొంత ఊరు ముద్దెనహళ్ళిలోనే అంత్యక్రియలు జరిగాయి.

ఆయన పోయాక ఆ ఖాళీ ఏమైంది

ప్రణాళిక వేసినవాడు పోయాక ఆ ప్రణాళికని కాపాడేది ఎవరు? ఈ ప్రశ్నకి మూసీయే మంచి ఉదాహరణ.

జలాశయం గోడ హైదరాబాదు శివార్లలో ఉంది గానీ దానికి నీళ్ళొచ్చే నేల ఊళ్ళలో ఉంది. రైతుల పొలాలు, వాగులు, చిన్న చెరువులు. ఆ నేల మీద కాలనీలు, ఫ్యాక్టరీలు లేస్తే ఒకపక్క జలాశయానికి వచ్చే నీరు తగ్గుతుంది, పాడవుతుంది. ఇంకోపక్క పెద్ద వాన పడితే నేల పీల్చుకోక నీరంతా ఒక్కసారిగా వస్తుంది. అందుకే 1996లో ప్రభుత్వం జీవో 111 తెచ్చింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు వద్దంది. విశ్వేశ్వరయ్య నీళ్ళకి వదిలిన ఖాళీని ఈ జీవో నేల మీద కాపాడే ప్రయత్నం చేసింది.

అయితే ఆ 84 గ్రామాల రైతు బాధ కూడా నిజమే. పక్క ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే తన ఎకరం మాత్రం పట్నం కోసం ఖాళీగా ఉండాలి. దానికి తనకి ఎవరూ ఏమీ ఇవ్వరు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు తీసేస్తూ ఇంకో జీవో ఇచ్చింది, గొడవ కోర్టుల్లోకి వెళ్ళింది. ఈలోగా 2020 అక్టోబరులో పడిన వానకి హైదరాబాదు కాలనీలు చెరువులైపోయాయి. వాటిలో చాలావరకు ఒకప్పుడు చెరువులూ వాగులూ ఉన్నచోట లేచినవే.

ఖాళీ విలువ లెక్కగట్టడం ఆయనకి తెలుసు. ఆ ఖాళీని మోస్తున్నవాడికి కూలి ఎవరివ్వాలన్నది మాత్రం ఆయనా తేల్చలేదు, తర్వాతవాళ్ళూ తేల్చలేదు. మన తరం సివిల్, ఎన్విరాన్‌మెంటల్ వాళ్ళకి మిగిలిన లెక్క అదే.

పొందూరు దగ్గర ఈ లెక్క వేస్తే

ఇదంతా హైదరాబాదు గొడవ, మనకెందుకు అనుకోకండి. నాగావళి ఒరిస్సా కొండల్లో పుట్టి, తోటపల్లి దాటి, నారాయణపురం ఆనకట్ట దాటి, శ్రీకాకుళం పక్క నుంచి సముద్రంలో కలుస్తుంది. పైన కొండల్లో వాన పడితే మనకి ఎండ కాస్తుండగానే నది పొంగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఏం చేశాయో మన ఇళ్ళలో అందరికీ గుర్తే. మరి పొందూరు లాంటి మండలానికి విశ్వేశ్వరయ్య పద్ధతిలో ఒక కాగితం వేస్తే ఎలా ఉంటుంది? ప్రాజెక్టు టాపిక్ కోసం వెతికేవాళ్ళు ఇది చూడండి.

కాగితం మీద నాలుగు గళ్ళు గీద్దాం. మన చేతిలో లేని సంగతులు రెండు తీసుకుందాం. ఒకటి వాన: తుపానులతో ఎక్కువ పడే కాలమా, వరసగా ఎగ్గొట్టే కాలమా. రెండోది మనుషులు: ఊళ్ళోనే ఉంటారా, విశాఖకీ హైదరాబాదుకీ చెన్నైకీ వలసపోతారా.

వాన ఎక్కువ, మనుషులు ఉన్నారు అనుకుంటే, పల్లపు పొలాల్లో నీరు దిగే దారి ముఖ్యం, గెడ్డ ఒడ్డున కొత్త ఇళ్ళు పడకూడదు. వాన ఎక్కువ, మనుషులు లేరు అంటే, బందల గట్లు చూసేవాడు ఉండడు. 1908లో తెగిన 221 చెరువుల కథ చిన్నగా మళ్ళీ జరుగుతుంది. వాన తక్కువ, మనుషులు ఉన్నారు అంటే, బోర్ల పోటీ, కాలవ మొదటికీ చివరికీ తగువు. అప్పుడు బ్లాకు పద్ధతి లాంటి నీళ్ళ ఒప్పందం కావాలి, గరువు భూముల్లో తక్కువ నీటి పంటలు కావాలి. కొండపత్తి, చిరుధాన్యాలు అక్కడే లెక్కలోకి వస్తాయి. వాన తక్కువ, మనుషులు లేరు అంటే, చూసుకునే పని లేదని పొలాలన్నీ సరుగుడు, నీలగిరి తోటలైపోతాయి. ఒకసారి అలా అయ్యాక వెనక్కి రావడం కష్టం.

ఇప్పుడు అసలు పని. ఈ నాలుగింటిలో ఏది వస్తుందో పందెం కాయక్కర్లేదు. నాలుగు గళ్ళలోనూ తప్పు కానివి ఏవో చూడాలి. బందల పూడిక తియ్యడం, అలుగులు బాగుచెయ్యడం నాలుగింటిలోనూ పనికొస్తుంది. గెడ్డ హద్దులు ఇప్పుడే కొలిచి రాళ్ళు పాతడం నాలుగింటిలోనూ పనికొస్తుంది. ఏ ఊళ్ళో ఎంత వాన పడిందో బడిపిల్లలతో రోజూ రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు, కానీ పదేళ్ళ తర్వాత అదే అందరికంటే విలువైన కాగితం. లెక్కల్లేక పక్క రాష్ట్రాల లెక్కలు తెప్పించుకున్న మనిషి కథ విన్నాక అయినా ఇది మొదలుపెట్టాలి. ఎండిన బందని చూసి ఇది ఖాళీ జాగా, ఇళ్ళ పట్టాలకి బాగుంటుంది అని ఎవరైనా అంటే, అది ఖాళీ కాదని, ఇంకా రాని వాన కోసం ఉంచిన చోటని చెప్పగలగాలి. ఆ చోటు పక్కనున్న పేదవాడికి ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్నకి కూడా అదే కాగితం మీద జవాబు రాయాలి. లేకపోతే ఆ కాగితం నిలబడదు.

ఆయన నూరేళ్ళు బతికినా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చూడాల్సిన వరదలన్నీ చూడలేదు. అవి ఇంకా వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ గోడ తన పని తాను చేస్తుంది. చుట్టూ ఉన్న నేల తన పని చేస్తుందా లేదా అన్నది మాత్రం ఆ నేలని ఆ ఏడు ఎవరు ఎలా వాడుతున్నారన్న దాని మీదే ఉంటుంది. మన నాగావళి పక్కన ఆ లెక్క వెయ్యాల్సినవాళ్ళు ఇప్పుడు క్లాసుల్లోనే కూర్చున్నారు.